నక్క దాచిన మలుపు

దిబ్బ మీది జంతువులకు వానాకాలమంటే బెంగ లేదు. ఏదుపంది తాత పుణ్యం. బొరియ మధ్యలో చిన్న కట్టలా పైకి లేచే మలుపు పెడితే వాననీళ్లు అక్కడే ఆగిపోతాయని కనిపెట్టింది ఆయనే. కనిపెట్టి గుట్టుగా దాచుకున్నాడా? అబ్బే! "ఎవరైనా తవ్వుకోండి, మార్చుకోండి. మంచి ఉపాయం తోస్తే నలుగురికీ చెప్పండి," అన్నాడు. సందేహం వస్తే రేగుచెట్టు కింద బండ దగ్గరికెళ్లి అడగడమే. తాతా, ముంగిసా వంతులేసుకుని అక్కడ కూర్చుని అడిగినవాళ్లకల్లా ఊరికే చెప్పేవాళ్లు.

కానీ లోకం తీరు తెలిసిందేగా! ఊరికే దొరికిందంటే చులకన. ఆ చులకనకు రోజూ నీళ్లు పోసి పెంచింది నక్క. "ఊరికే చెప్పేవాళ్లు రేపు బొరియ చెడితే వస్తారా? నా బొరియలు చూడండి. ఎర్రమన్ను పూత, రాతి గడప! బుట్టెడు రేగుపళ్లు చాలు. గోడలు మాత్రం గీకకూడదు, లోపలిది నా రహస్యం," అనేది.

ఒక పొద్దున కుందేలు బండ దగ్గరికొచ్చింది. దానికి మూడు పసికూనలు.

"ముంగిసన్నా, బొరియ ఎటువైపు మొదలెట్టాలి?"

పాపం, ముంగిస తెల్లారినప్పటి నుంచీ మెతుకు ముట్టలేదు. వచ్చినవాళ్లందరిదీ అదే ప్రశ్న. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? పక్కవాళ్ల బొరియలు చూసి నేర్చుకో పో! ఆ మాత్రం తెలియనిదానివి తవ్వడమెందుకు?" అని కసిరింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కుందేలు చెవులు వాల్చుకుని వెనుదిరిగింది. దారిలో నక్క సిద్ధంగా ఉంది.

"చూశావా చెల్లెమ్మా, వాళ్ల మర్యాద? నా దగ్గరికి రా, రాణిలా చూసుకుంటా."

కుందేలు బుట్టెడు పళ్లిచ్చి ఎర్రమన్ను బొరియలో చేరింది. తొలివానకు ఏమీ కాలేదు. రెండోది జడివాన. మధ్యాహ్నానికల్లా మలుపు దాటి నీళ్లు లోపలికొచ్చేశాయి. కూనలు లోపలి మూలకు ఒదిగి కీచుమంటున్నాయి. ఒకదాన్ని తీస్తే మిగతా రెండూ మునిగేలా ఉన్నాయి.

కుందేలు నక్క దగ్గరికి పరుగెత్తింది. "నక్కన్నా, నా బిడ్డలు!"

"నా బొరియలో తప్పుండదమ్మా. నువ్వే గోడలు గీకి ఉంటావ్," అని నక్క గడపలోంచే చెప్పి లోపలికి జారుకుంది.

ఇక మిగిలింది బండ. సిగ్గూ భయమూ దిగమింగి అక్కడికి పరుగెత్తింది. "తాతా, మిమ్మల్ని కాదని పోయాను. అయినా..."

"ఆ సంగతి తర్వాత. ఏ బొరియ?" తాత అప్పటికే లేచాడు. ముంగిస ఆయనకంటే ముందు ఉరికింది. నీళ్లలో మునిగి, ఒక్కొక్క కూననే నోట కరుచుకుని మూడింటినీ బయటికి తెచ్చింది. తాత పక్కనుంచి కాలువ తీసి నీళ్లు మళ్లించాడు. తర్వాత గోడ గీకబోయాడు.

అలికిడి విని నక్క రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. "గీకొద్దు! అది నా రహస్యం!"

తాత గీకనే గీకాడు. ఎర్రపూత రాలగానే ఉత్త మట్టి మలుపు బయటపడింది. పైన పటారం, లోన లొటారం!

"ఇది మా పాత మలుపేరా!" అన్నాడు తాత. "నిరుడు రెండోవానకు మట్టి కరిగిపోతోందని ఒక కప్ప వచ్చి చెప్పింది. అందరం గులకరాళ్లు పేర్చుకున్నాం. నువ్వు మాది కాజేసి పూత వేసి దాచేశావు. లోపల ఏముందో చూసినవాడు లేడు, తప్పు చెప్పేవాడూ లేకపోయాడు."

నక్క ముఖం పాలిపోయింది. తన బొరియా అచ్చం అలాంటిదే! వెనక్కి ఉరికి చూసేసరికి ఇంటి గడప మీదుగా నీళ్లు.

ఇక్కడ కుందేలు ముంగిస కాళ్ల మీద పడింది. "అన్నా, నా బిడ్డలకు ఊపిరి పోశావు. నీ రుణం ఎలా తీర్చుకోను?"

ముంగిస తల దించుకుంది. "లే తల్లీ. ఆ రోజు ఆకలి మీద నోరు జారాను, క్షమించు. నువ్వు మళ్లీ అడగడానికొచ్చావు చూడు, అదే చాలు."

"చాలదు," అంది కుందేలు. ముందు దానికి ఇన్ని దుంపలు తెచ్చిపెట్టింది. "ఇకనుంచి పొద్దుటి వంతు నాది. తెలిసింది చెబుతా, తెలియంది తాతనడిగి చెబుతా. నువ్వు కడుపునిండా తిని రా." ఇన్నేళ్లలో "తిన్నావా" అని తనను అడిగినవాళ్లు లేరేమో, ముంగిస కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మర్నాడు ఆ పొద్దుటి వంతులో, దిబ్బ మీది వాళ్లంతా చూస్తుండగా, తడిసిన తోక ఈడ్చుకుంటూ నక్క వచ్చి నిలబడింది. "నా బొరియ..." అని నసిగింది.

"బాగుచేస్తాం అన్నా, ఊరికే," అంది కుందేలు. "కాకపోతే ముందు పూతంతా నువ్వే గీకి అందరికీ చూపించాలి."

నక్క గీకింది.

నీతి: ఊరికే అందిన సాయం విలువలేనిది కాదు, దాని రుణం మన తర్వాత వచ్చి అడిగినవాడికి ఓపిగ్గా చెబితేనే తీరుతుంది.