వరద ఏడాది పుట్టిన పిల్ల

ఇది మా నాయన చెప్పగా విన్నది. ఇది జరిగిన ఉరుసులో ఆయన ఉన్నాడు. ఈ మధ్య నాకు ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు వస్తోంది. వరస ఎక్కడైనా తప్పితే ఆ తప్పు నాది, కథది కాదు.

పెన్న ఒడ్డున చింతలదిన్నె దర్గాలో ఒక ఆచారం ఉండేది. ఏటా జరిగే ఉరుసు నాడు పీరు సమాధికి మొదటి గంధం పూసేది చుట్టుపక్కల ఊళ్ళలో అందరికంటే పెద్ద వయసున్న మనిషి. ఏ మతమైనా సరే, ఆడైనా మగైనా సరే. ఆ చెయ్యి పడితేగాని మిగతావాళ్ళ గంధం లోపలికి పోయేది కాదు.

ఆ గౌరవం కోసం ఊళ్ళు పోట్లాడుకునేవి. ప్రతి ఊరూ తన ముసలివాళ్ళను బండెక్కించి తెచ్చేది.

అప్పట్లో దర్గాలో ఉన్న గురువు లతీఫ్ షా. అందరూ షా సామి అనేవాళ్ళు. ఆయన శిష్యుడు దస్తగిరి, సామి దగ్గరికి రాకముందు బడిలో లెక్కలు చెప్పినవాడు. ఉరుసు దగ్గరపడి ముసలివాళ్ళు చెప్పే వయసులు వింటుంటే అతనికి కడుపు మండేది.

ఒక తాత పోయిన ఉరుసుకు నూరన్నాడు. ఈ ఉరుసుకు నూటపది అన్నాడు.

"ఒక్క ఏడాదిలో పదేళ్ళు ఎట్ల పెరిగినావు తాతా?" అని దస్తగిరి నిలదీశాడు.

"కరువు ఏడాది గదా నాయనా. పదేళ్ళంత పొడుగుండె."

ఇంకొకాయన నూటఇరవై అన్నాడు. తనకు యాభై అని ఆయన పెద్దకొడుకే పక్కన నిలబడి చెప్పాడు.

"అంటే నీకు డెబ్బై ఏళ్ళకు తొలిచూలు కొడుకా?"

"మా ఇంట్లో ఏదీ తొందరపడి చేయం లేప్పా."

దర్గా అరుగు మీద కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. షా సామి కూడా నవ్వాడు. దస్తగిరి నవ్వలేదు.

"పీరు ముందర ఇన్ని అబద్ధాలా సామీ? ఈసారి నేనే ఊరూరా తిరిగి నిజమైన వయసు తేలుస్తా" అన్నాడు.

"పోయిరా. పోయినచోటల్లా కాసేపు కూర్చో" అన్నాడు సామి.

చాలా ఏళ్ళుగా మొదటి గంధం పూస్తున్నది కుల్లాయమ్మ. దూదేకుల ఇంటి ముసలామె, ఒంటరిది. పెన్న పొంగి దర్గా గోడ కొట్టుకుపోయిన ఏడాది పుట్టిందని ఆమెకు తల్లి చెప్పింది, ఆమె అందరికీ చెప్పింది. ఆ వరదకు ఆ ఏటితో నూరేళ్ళు. మిగతావాళ్ళను శంకించినవాళ్ళు కూడా ఆమెను ఎప్పుడూ శంకించలేదు.

దస్తగిరి వస్తే ఆమె గుమ్మం ముందు ఈతచాప పరిచింది. అతను నిలబడే అడిగాడు.

"చిన్నప్పటిది ఏం జ్ఞాపకముంది అవ్వా?"

"రైలు నాయనా! మొదటిసారి రైలొచ్చినపుడు మా నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకొని చూపించినాడు. అది కూత పెట్టేసరికి దడుచుకొని ఆయన తలపాగా అంతా తడిపేసినా" అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

దస్తగిరి మనసులో లెక్క కట్టాడు. రైలొచ్చింది వరద తర్వాత పదహారేళ్ళకు. పదహారేళ్ళ పిల్లంటే ఆ రోజుల్లో పెళ్ళై ఒళ్ళో బిడ్డ ఉండాలి. ఏ తండ్రి భుజానికెత్తుకుంటాడు?

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చేలోగా అతను వీధి మలుపు దాటాడు.

నేరుగా ఆమె పుట్టినూరు తుమ్మలకుంటకు పోయాడు. అక్కడ నన్నేసాబు అని ఒక ముసలాయన మంచాన పడి ఉన్నాడు. మనిషి లేవలేడు గాని మాట తేటగా ఉంది.

"వరద ఏడాది పుట్టిన కుల్లాయమ్మా? అది నాకంటే రెండేళ్ళు పెద్దది. నా చెయ్యి పట్టుకొని యేటికి పిలుచుకపోయేది. పదేళ్ళప్పుడు అమ్మవారు పోసి చచ్చిపాయ. ఇంకో రెండేళ్ళకు వాళ్ళమ్మకు మళ్ళీ ఆడపిల్ల పుట్టె. పీరుకు మొక్కి పెట్టిన పేరు వెనక్కి తీసుకోగూడదని అదే పేరు పెట్టిరి. ఇప్పుడుండేది ఈ చిన్నది."

దస్తగిరికి కావలసింది దొరికింది. చిన్నదానికి ఎనభై ఎనిమిది. ఈ నన్నేసాబుకే తొంభై ఎనిమిది.

"కూర్చో నాయనా. ఆ పిల్ల ఉండిందీ..." అంటూ ముసలాయన ఏదో చెప్పబోయాడు.

"బస్సు పోతుంది తాతా" అని దస్తగిరి వచ్చేశాడు.

ఉరుసు నాడు గంధం గిన్నె బయటికి వచ్చింది. కుల్లాయమ్మ ఉతికిన చీర కట్టుకొని, చేతులు కడుక్కొని ముందుకొచ్చింది. దస్తగిరి అడ్డం నిలిచాడు. రైలు సంగతి, నన్నేసాబు సంగతి జనమందరికీ వినబడేట్టు చెప్పాడు.

"ఈ అవ్వకు ఎనభై ఎనిమిదే. నూరేళ్ళు ఉండాల్సింది చచ్చిపోయిన అక్కకు. మొదటి గంధం నన్నేసాబుది" అన్నాడు.

లెక్క సరిగ్గా ఉంది.

కుల్లాయమ్మ తడిచేతులు అట్లే ముందుకు పట్టుకొని నిలబడింది.

"నాకు అక్క ఉండెనా?" అంది.

ఆమె తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది.

"మా అమ్మ కుల్లాయీ అని పిలిచేది. నేను ఓయ్ అని ఉరికిపోతే ఒక్కోసారి నా మొహం చూసి ఏడ్చేది. నేనేం తప్పు చేసినానో అనుకొనేదాన్ని."

తర్వాత దస్తగిరి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతను తల దించుకున్నాడని మా నాయన అనేవాడు.

"ఎట్లుండేదంట నాయనా మా అక్క? నా మాదిరేనా?"

"అడగలేదవ్వా."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని ఇంటిదారి పట్టింది. షా సామి గంధం గిన్నె మీద గుడ్డ కప్పి, శిష్యుడి వైపు చూశాడు.

"పో. అడిగి రా" అన్నాడు.

దస్తగిరి తుమ్మలకుంట చేరేసరికి తెల్లారింది. రాత్రి చనిపోయిన నన్నేసాబుకు మట్టిచ్చి వచ్చినవాళ్ళు వీధిలో కాళ్ళు కడుక్కుంటున్నారు. అతను ఇల్లిల్లూ తిరిగి, దొరికిన ప్రతి ముసలిమనిషి దగ్గరా కూర్చొని అడిగాడు. ఆ పిల్లను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. లోకంలో ఆ మొహం గుర్తున్నవాడు ఆయనొక్కడే మిగిలి ఉండె.

సాయంత్రం తిరిగొచ్చి దర్గా మెట్టు మీద కూలబడ్డాడు.

"సామీ, నేను చెప్పింది నిజమే గదా?"

"నిజమే నాయనా. అబద్ధమైతే వెనక్కి తీసుకొనుందువు."

సామి గంధం గిన్నె తీసుకొని నడిచాడు. దస్తగిరి వెనకే పోయాడు. కుల్లాయమ్మ గుమ్మం ముందు ఈతచాప మీద కూర్చొని ఉంది. అతని మొహం చూడగానే ఆమెకు జవాబు తెలిసిపోయింది. పక్కన పెట్టుకున్న చెంబు అతనివైపు జరిపింది. దస్తగిరి నేలమీద కూర్చొని ఆ నీళ్ళు తాగాడు.

"పేరు పెట్టి పిలువు" అన్నాడు సామి అతనితో.

"కుల్లాయమ్మా."

"ఓయ్" అంది ఆమె, చిన్నపిల్ల మాదిరి. సామి ఆమె అరచేతిలో గంధం పెట్టాడు.

"మళ్ళీ పిలువు."

దస్తగిరి చెంబు పక్కన పెట్టాడు.

"కుల్లాయమ్మా."

ఆమె పలకబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఊరుకుంది. సామి గిన్నెలోంచి ఇంకొంచెం గంధం చేతిలోకి తీసుకొని ఎదురు చూశాడు. యేటికి పోయిన పిల్లను ఇంటికి పిలిచి, వచ్చేదాకా చూస్తున్నట్టు చూశాడు.

కాసేపటికి కుల్లాయమ్మ చాప మీద ఒక పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆ ఖాళీ చోట సామి గంధం పెట్టాడు.

ఆ ఏడు సమాధికి మొదటి గంధం ఆలస్యంగా పడింది. ఎవరు పూసినారని అడిగితే, కుల్లాయమ్మే అనేవాడు మా నాయన. ఏ కుల్లాయమ్మ అని నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

గౌసియా, దీన్ని మీ నాయనకు చదివి వినిపించి పేర్లు సరిచూడు తల్లీ. నన్నేసాబు ఊరు తుమ్మలకుంటో కాదో తమ్ముడికి గుర్తుంటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే పేరు రాసింది, పెద్దత్తకు మరుపొచ్చిందనుకొని మాత్రం ఒకటి కొట్టేయొద్దు.