తాతగారి హద్దురాయి

రాజుగారి కొలతల అధికారి గొలుసు పట్టుకుని ఊళ్లోకి వచ్చేసరికి గవరమ్మ ఉలవచేను సగానికి చిక్కిపోయి ఉంది. పక్కపొలం ఆసామి, ఊరి మునసబు భూపాలయ్య, హద్దురాయిని పది బారలు ఇవతలికి జరిపించాడు మరి!

"మా తాతగారు స్వహస్తాలతో పాతిన రాయండీ! అరవై ఏళ్లుగా వెంట్రుకవాసి కదల్లేదు," అన్నాడు భూపాలయ్య మీసం దువ్వుతూ.

"నువ్వేమంటావమ్మా? నేను రాయి దగ్గర్నుంచే కొలవాలి," అన్నాడు అధికారి.

మునసబుకి ఎదురు సాక్ష్యం చెప్పేవాడు ఊళ్లో ఒక్కడూ లేడని గవరమ్మకి తెలుసు.

"వాళ్ల తాతగారి మాట నేనెందుకు కాదంటానండీ? కాకపోతే రాయి అయ్యగారి వైపు ఒరిగింది. ఇలాగే కొలిస్తే జానెడు నేల ఆయనకే నష్టం. పీకి, నిటారుగా పాతించండి."

జానెడు పోతుందనగానే భూపాలయ్య ఆగలేకపోయాడు. "పీకండ్రా!" అని తన మనుషుల మీద కేకేశాడు.

రాయి పైకొచ్చింది. దాంతోపాటు గోతిలో తొక్కిన మట్టిలోంచి గుప్పెడు ఉలవ మొక్కలూ వచ్చాయి. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి.

అధికారి ఒక మొక్క తీసి చూశాడు. "ఈ ఉలవలు ఎప్పుడు చల్లావమ్మా?"

"పోయిన నెలండీ."

రాయిని పాతచోటికి మోసుకెళ్లమని అధికారి ఆ మనుషులకే చెప్పాడు. గవరమ్మ చెంగు సర్దుకుని భూపాలయ్యకేసి తిరిగింది.

"మీ తాతగారు మొన్నీమధ్యే వచ్చివెళ్లారన్నమాట! పోయిన ఇన్నేళ్లకి వచ్చిన మనిషి, పక్కచేనుదాన్ని, ఒక్కమాటైనా పలకరించకుండా వెళ్లిపోయారేమండీ?"