ఇప్పచెట్టు దాటిన కౌజుపిట్ట

అనగనగా కొండ పాదాన ఒక అడవి. ఆ అడవిలో ఒక బలుసు పొద కింద రెండు కౌజుపిట్టలు కాపురముండేవి. ఆడపిట్ట పేరు పైడి. మగపిట్ట పేరు గంగులు.

కౌజుపిట్టలు ఎగరగలవు. కానీ వాటికి నడకంటేనే ఇష్టం. చలి తగ్గి చెట్లు పూతకొచ్చే రోజుల్లో ఇద్దరూ పొద్దున్నే బయల్దేరేవాళ్ళు. ముందు మోదుగ చెట్టు, తర్వాత వాగు ఒడ్డున కానుగ చెట్టు, చివర ఇప్పచెట్టు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగేవాళ్ళు. గంగులు దారంతా మాట్లాడుతూనే ఉండేవాడు. ఏ కొమ్మ ముందు పూసిందో, ఏ కొమ్మ నిరుటికంటే వెనకబడిందో చెప్పేవాడు. పైడి వింటూ నడిచేది.

ఒక చలికాలపు ఉదయం డేగ వచ్చి గంగుల్ని తన్నుకుపోయింది.

పైడి పొద దాటి బయటికి రావడం మానేసింది. పక్క బొరియలో ఉండే కుందేలు బుచ్చమ్మ వచ్చి, మోదుగ పూసింది, చూసొద్దాం రమ్మంది. పైడి తల తిప్పుకుంది. బుచ్చమ్మ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అప్పుడు పైడి, "ఆయన లేకుండా పూసిన పూలు నాకెందుకు? నన్నిలా వదిలెయ్" అంది. బుచ్చమ్మ నొచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పొద దగ్గరికి ఎవరూ రాలేదు.

గాలికి మోదుగ రేకలు పొదలోకి కొట్టుకొచ్చేవి. పైడి వాటిని కాలితో బయటికి నెట్టేసేది. పొద చుట్టూ ఉన్న గింజలూ చీమలూ అయిపోయాయి. ఒక పొద్దున లేవబోతే ఆకలికి కాళ్ళు వణికాయి. ఈ రోజు కదలకపోతే ఇక ఎప్పటికీ కదల్లేనని పైడికి తెలిసింది. కాసేపు, కదలకపోయినా బాగానే ఉంటుందనిపించింది కూడా.

కానీ లేచింది. ఒంటరిగా నడిచింది.

మోదుగ చెట్టు కింద నేలంతా ఎర్రగా ఉంది. పైడి పురుగులు ఏరుకుని తింటూ తింటూ తలెత్తింది. చెట్టుకు ఒక్క ఆకు లేదు. కొమ్మకొమ్మా పూలే.

"చూశావా" అంటూ పక్కకు తిరిగింది.

పక్కన ఎవరూ లేరు. పైడి అక్కడే కూలబడి చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఇంటికి వచ్చేసింది.

మర్నాడు మళ్ళీ ఆకలేసింది. ఈసారి కానుగ చెట్టు దాకా వెళ్ళింది. చెట్టు కింద పేలాలు చల్లినట్టు పూలు రాలి ఉన్నాయి. పైన తేనెటీగలు జుమ్మంటున్నాయి. ఎన్నో ఏళ్ళుగా వస్తున్నా పైడి ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. గంగులు మాటల్లో అది వినపడేది కాదు. ఇప్పుడు వింటుంటే హాయిగా ఉంది. హాయిగా ఉందని తోచగానే గంగులికి ద్రోహం చేసినట్టు గుండె కలుక్కుమంది. అయినా వెంటనే లేచి రాలేకపోయింది.

మూడోనాడు ఇప్పచెట్టు చేరింది. ఒక ఎలుగుబంటి రాలిన పూలు తింటూ ఉంది. పైడిని తలెత్తి అయినా చూడలేదు. ఇక్కడినుంచే ఎప్పుడూ వెనక్కి తిరిగేవాళ్ళు. ముందుకు వెళ్తే ఉత్త బండలేనని గంగులు అనేవాడు. వెనక్కి వెళ్తే ఖాళీ పొద. పైడి దారిలో చాలాసేపు నిలబడింది. తర్వాత ముందుకే నడిచింది.

నిజంగానే బండలు. వాటి మధ్య ఒక ఊడుగ చెట్టు తెల్లగా పూసి ఉంది. దాని కింద ఒక ముసలి తాబేలు కూర్చుని ఉంది.

"ఎవరమ్మా నువ్వు? ఇటు ఎవరూ రారే" అంది తాబేలు.

"నా పేరు పైడి, తాతా. ఇటు రావడం ఇదే మొదలు."

తాబేలు తన సంగతి చెప్పుకొచ్చింది. చాలా ఏళ్ళుగా ఈ చెట్టు కిందే ఉంటోందట. మెడ అంత పైకి లేవదట. రాలిన పూలు చూడటమే గాని, కొమ్మ మీది పూలు ఎన్నడూ చూడలేదట.

"పైన ఎలా ఉంటాయమ్మా అవి?" అని అడిగింది.

చూసింది చెప్పడం ఎప్పుడూ గంగులు పని. అయినా పైడి రెక్కలు విదిలించి కింది కొమ్మ మీదికి ఎగిరింది.

"రేకలు వెనక్కి చుట్టుకుని ఉన్నాయి తాతా. కొన్ని ఇంకా విచ్చుకోలేదు. ఒక తుమ్మెద దేని మీదా వాలకుండా అన్నీ చూసుకుంటూ తిరుగుతోంది."

తాబేలు కళ్ళు మూసుకుని వింది. చివరికి, "రేపూ వస్తావా తల్లీ?" అంది.

"వస్తాను" అంది పైడి.

ఆ సాయంత్రం పొద ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. బెంగ ఏమీ తగ్గలేదు. కానీ నిద్రపట్టేదాకా, రేపు తాతకి ఏం చెప్పాలా అని ఆలోచించింది.

రోజూ వెళ్ళింది. ఒక రోజు దారిలో బుచ్చమ్మ బొరియ దగ్గర ఆగి, ఆనాడు అలా అనకుండా ఉండాల్సింది అక్కా అని చెప్పింది. బుచ్చమ్మ కానుగ చెట్టు దాకా వెంట నడిచింది. అక్కడ, బొరియలో వదిలొచ్చిన తన పిల్లలు గుర్తొచ్చి వెనక్కి వెళ్ళింది.

ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి పైడి వెళ్ళేసరికి ఊడుగ చెట్టు మీద ఒక్క పువ్వు లేదు. తాబేలు బురదలో కూర్చుని ఉంది.

"పూలైపోయాయి. ఇంక నువ్వు రావనుకున్నాను" అంది.

పైడి తడి కొమ్మ మీదికి ఎగిరి, దగ్గరగా వంగి చూసింది.

"పిందెలు పడ్డాయి తాతా" అంది. "పచ్చగా ఉన్నాయి. ఇవి నేనూ ఎప్పుడూ చూడలేదు. ఉండు, చెప్తాను."

నీతి: మన దుఃఖం తీరేదాకా పూలు ఆగవు. దుఃఖంతోనే బయటికి నడవాలి. చూసినదాన్ని మరొకరితో పంచుకోవాలి.