నీడ జరిగేదాకా

పరిమళ తన ప్రణాళిక పట్టుకుని మా బడికి వచ్చిన రోజు ఆమె కాలు నేల మీద నిలవడం లేదు.

జిల్లాలోని సర్కారు బడులన్నిటికీ వచ్చే ఏడాది నుంచి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో రాసే పని కలెక్టరు గారు ఆమెకు అప్పగించారు. ఊరూరికీ ప్రైవేటు బడి వ్యాన్లు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి. చిన్న బడులు ఖాళీ అవుతున్నాయి. "పిల్లలు మన బడిలోనే నిలిచే చదువొకటి తయారు చేయండి. లేకుంటే చిన్న బడులు మూసి పెద్దవాటిలో కలిపేయడం తప్ప నాకు వేరే దారి లేదు" అని ఆయన తేల్చి చెప్పారట.

ఆ మూతపడే వరసలో మా రెడ్డొడ్డిపల్లి బడి కూడా ఉంది. ఒకటే గది, ఒకటే వరండా, అయిదు తరగతులకూ కలిపి నేనొక్కణ్ణే పంతుల్ని. నా పేరు చెన్నకేశవులు. పరిమళా నేనూ ఇదే గదిలో ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నాం. ఆమె జిల్లా విద్యాశాఖలో పెద్ద ఆఫీసుకు పోయింది, నేను చాప దగ్గరే ఉండిపోయాను. దానికి నాకేం బాధ లేదు.

మా ఇద్దరి చేతా అక్షరాలు దిద్దించినవారు ఓబులేసు అయ్యవారు. రిటైరై చాలా ఏళ్ళయింది. అయినా పొద్దున్నే కండువా దులిపి భుజాన వేసుకుని బడికి వస్తారు. పాఠం చెప్పరు. వరండా దూలానికి వేలాడే రైలు పట్టా ముక్కను ఇనప కడ్డీతో కొట్టి గంట మోగించడమే ఆయన పని. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు. ఆయన దగ్గర నుంచి లాక్కునే ధైర్యమూ ఎవరికీ లేదు.

పరిమళ వస్తూనే అయ్యవారి కాళ్ళకు దండం పెట్టి, వరండాలో పెద్ద చార్టు పరిచింది. నిండా రంగురంగుల గళ్ళు.

పరిమళ మనసు మెత్తన. ఎవరినీ కాదనలేదు. యోగా వాళ్ళు వచ్చి ఒక గడి అడిగారు, ఇచ్చింది. తోటల శాఖ వాళ్ళు మొక్కల పాఠమన్నారు, సరేనంది. బ్యాంకు వాళ్ళు పొదుపు పాఠమన్నారు, రోడ్డు భద్రత వాళ్ళు రోడ్డు పాఠమన్నారు, ఆరోగ్యం వాళ్ళు చేతులు కడుక్కునే పాఠమన్నారు. జిల్లాలో ఏ శాఖకు ఏ ఆలోచన పుట్టినా అది చివరికి వచ్చి వాలేది బడిపిల్లల నెత్తి మీదే కదా! అన్నిటికీ మాటిచ్చి, అన్నిటికీ చోటు చూపించి, ఆ చార్టు తయారు చేసింది.

"ఒక్క నిమిషం కూడా వృథా పోదు అయ్యోరా" అంది. ఆమె గొంతులో గర్వం దాచినా దాగలేదు. "ప్రైవేటు వాళ్ళు బోర్డు మీద రాసుకున్నవన్నీ మన దగ్గరా ఉంటాయి. వాళ్ళ దగ్గర లేనివి కూడా ఉంటాయి. ఎల్లుండే మీటింగు. మీరు బాగుందంటే చాలు, నాకింక భయం లేదు."

అయ్యవారు కళ్ళద్దాలు సర్దుకుని చార్టు అంతా చూశారు.

"రంగులు బాగుండాయి పాపా."

"రంగులు కాదు అయ్యోరా, ప్లాను!"

"ఇది ఎవరికి?"

"పిల్లోళ్ళకే."

"అట్లయితే కూచో."

ఆయన చూపించిన చోటు మూడో తరగతి చాప. లింగేశ్వరికీ పకీరప్పకూ మధ్య కాస్త జాగా ఉంది. గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చిన జిల్లా అధికారి ఆ జాగాను చూసి నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను. అయ్యవారి మాటకు అడ్డుపడి మొట్టికాయ తిన్న రోజులు నాకింకా గుర్తే.

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. లింగేశ్వరి పక్కకు జరిగి చోటిచ్చింది.

"కేశవా, పాప ఎట్ల రాసిందో అట్లే చెప్పు. ఒక్క అచ్చరం దాటొద్దు. గంట నేను కొడతా" అని అయ్యవారు చార్టును ఒళ్ళో పెట్టుకుని, కడ్డీ చేతికి తీసుకుని, వరండాలో గడియారానికి ఎదురుగా కూర్చున్నారు.

మొదట యోగా. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. నవ్వులూ గిల్లుకోవడాలూ అయిపోయి, గది నిజంగా నిశ్శబ్దమయ్యే వేళకు ఖంగుమంది గంట.

తర్వాత ఇంగ్లీషులో మాట్లాడటం. పకీరప్పను లేపాను. వాడు తెలుగులోనే నోరు విప్పడు. చేతులు నలుపుకున్నాడు, గోడ చూశాడు, పరిమళ వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే చెప్పు చెప్పు అంది. "మై... నేమ్... ఈజ్..." అన్నాడు. ఖంగుమంది గంట. వాడు తన పేరు తానే మింగేసి కూర్చున్నాడు.

పరిమళ ముఖం కొంచెం మారింది.

తర్వాతి గడి, చేసి నేర్చుకోవడం. పిల్లల్ని వాకిట్లో జెండా కొయ్య దగ్గరికి తీసుకుపోయాను. సిమెంటు గచ్చు మీద కొయ్య నీడ సన్నగా, పొడుగ్గా పడి ఉంది.

"ఈ నీడ ఇట్లే ఉంటుందా, ఏమన్నా అవుతుందా?" అని అడిగాను.

ఆ ఒక్క ప్రశ్నకే కొంప మునిగింది.

"చిన్నదైతాది సార్" అంది లింగేశ్వరి.

"కాదు, పెద్దదైతాది!" అన్నాడు పకీరప్ప. వాడి గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదటిసారి. "సాయంత్రం మా బర్రె నీడ ఏనుగంత ఉంటాది. నేను చూసినా!"

"పొద్దున్నది చూసినావా?"

"సాయంత్రంది చూసినా!"

బడి రెండుగా చీలిపోయింది. సగం లింగేశ్వరి జట్టు, సగం బర్రె జట్టు. ఒకటో తరగతి వాళ్ళకు ఏమీ తెలియకపోయినా ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ వైపు చేరారు. పరిమళ ఎప్పుడు లేచిందో తెలియదు, నా చేతిలో సుద్దముక్క లాక్కుని నీడ కొస దగ్గర గీత గీసింది. గీసి, చీర కొంగు నడుముకు దోపుకుని, పిల్లలతో పాటు గొంతుకూర్చుంది. ఆమెకు జవాబు తెలియక కాదు. ఎమ్మెస్సీ చదివింది. కానీ నీడ గీతను వదిలి జరుగుతుంటే కూర్చుని చూసే తీరిక ఆమెకు ఇంతవరకూ దొరకలేదు, అంతే.

"జరగతాందా?" అంది లింగేశ్వరి గుసగుసగా.

"ఉండు, ఊపిరి తగిలితే జరగదేమో" అన్నాడొకడు.

అందరూ ఊపిరి బిగబట్టారు. నీడ కొస గీతకు తగిలే ఉంది. ఇంకాస్త ఆగితే గీతకూ నీడకూ మధ్య సందు కనపడేటట్టుంది. పరిమళ ముఖం దాదాపు గచ్చుకు ఆనుతోంది.

ఖంగుమంది గంట.

"అయ్యోరా! ఇంకొంచెం సేపు!"

అరిచింది పరిమళే.

పిల్లలు గొల్లుమని నవ్వారు. ఆ మాట వాళ్ళు రోజూ అనేదే. జిల్లా అధికారి నోట అదే మాట అదే గొంతుతో వచ్చేసరికి వాళ్ళకు పట్టలేని సంబరమైంది.

అయ్యవారు నవ్వలేదు. ఒళ్ళోని చార్టులో వేలు పెట్టి వెతికారు.

"ఇంకొంచెం సేపని ఇందులో రాసిల్యా పాపా" అన్నారు. "చేతులు కడుక్కునే పాఠం ఉండాది. పోండి."

పరిమళ వెళ్ళి పిల్లలతో పాటు వరసలో నిలబడి చేతులు కడుక్కుంది. సుద్దముక్క ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది.

ఆ రోజంతా చాప మీదే కూర్చుంది. ఏదీ మొదలై పూర్తి కాలేదు. బడి వదిలాక వరండా మెట్టు మీద కూలబడింది. ముఖం వాడిపోయి ఉంది. చూస్తుంటే నాకు జాలేసింది.

"దేన్ని తీసేయల్ల అయ్యోరా? అందరికీ మాటిచ్చినానే."

"నన్నడిగితే నేనేం చెప్పేది? నీకేది చాలలేదో నీకే తెలుసు గదా" అని అయ్యవారు కండువా దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మీటింగు రోజున పరిమళ నన్నూ వెంటేసుకుని పోయింది. బడిని అయ్యవారికి అప్పజెప్పి వెళ్ళాను. హాలు నిండా అధికారులు. ఎవరి గడి వాళ్ళకు వచ్చిందో లేదో చూసుకుందామని వచ్చారు.

పరిమళ చార్టు తేలేదు. లేచి నిలబడి నాలుగు మాటల్లో చెప్పింది. "ప్రార్థన అయిన దగ్గర్నుంచి అన్నం వేళ దాకా గంట ఉండదు సార్. రోజుకొక ప్రశ్న. అది తేలేదాకా అదే పాఠం. లెక్కలు అందులోనే వస్తాయి, తెలుగు అందులోనే వస్తుంది, ఇంగ్లీషూ అందులోనే. మధ్యాహ్నం నుంచి మామూలు పీరియడ్లు."

హాలు హోరెత్తింది.

"మా పొదుపు పాఠం ఏమైందమ్మా?"

"మొక్కల పాఠానికి సరేనంటిరి కదా మేడం?"

"పిల్లలకు మీ పని మీద ప్రశ్న పుట్టిన రోజు మిమ్మల్నే పిలుస్తాం సార్. మీరే వచ్చి చెప్పండి" అంది పరిమళ.

"గంట లేకుంటే అది బడా, సంతా? తనిఖీకి పోతే మేమేం చూడాలి?" అన్నారు ఇంకొకరు.

కలెక్టరు గారు చేయెత్తితే అందరూ ఆగారు. "వినడానికి బాగుంది పరిమళ గారూ. కానీ ఒక్క ప్రశ్న పట్టుకుని పిల్లలు పూటంతా కూర్చుంటారంటే నేను నమ్మలేను. జిల్లా పిల్లలందరి మీదా ప్రయోగం చేయమంటారా?"

అయిపోయింది అనుకున్నాను. మా బడికి తాళం పడిన చప్పుడు నాకు అక్కడే వినపడింది.

పరిమళ రుమాలు కోసం సంచీలో చెయ్యి పెట్టింది. రుమాలుకు బదులు సుద్దముక్క వచ్చింది. దాని వైపు ఒక క్షణం చూసింది.

"సార్, ఒక్కసారి బయటికి వస్తారా?"

కలెక్టరాఫీసు ముందర జెండా కొయ్య మా బడి కొయ్యకు తాతలాగా ఉంది. పొద్దుటి ఎండకు నీడ గచ్చు మీద బారుగా పడి ఉంది. పరిమళ కొస దగ్గర గీత గీసి, సుద్దముక్క కలెక్టరు గారి చేతిలో పెట్టింది.

"ఈ కొస ఎటు జరుగుతుంది సార్?"

"దగ్గరికే" అన్నారాయన నవ్వి.

"దగ్గరికంటే తిన్నగానా, పక్కకు ఒరిగా?"

ఆయన నవ్వు ఆగింది. తోటల శాఖాయన గేటు వైపు ఒరుగుతుందన్నాడు. బ్యాంకాయన కాదు, కార్ల షెడ్డు వైపన్నాడు. "నేను రోజూ ఇక్కడే బండి పెడతానయ్యా, నాకు తెలీదా?" అని ఒకరు, "బండికి నీడ చూస్తావు గానీ నీడనెప్పుడు చూశావు?" అని ఇంకొకరు. కలెక్టరు గారు తనకు తోచిన వైపు ఇంకొక గీత గీశారు. మొదట నిలబడే చూశారు. తర్వాత ఫోను జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గొంతుకూర్చున్నారు. ఆయన కూర్చున్నాక మిగతావాళ్ళు నిలబడితే ఏం బాగుంటుంది? శాఖలన్నీ వరసగా గొంతుకూర్చున్నాయి.

"జరుగుతోందా?" అన్నారాయన మెల్లగా.

అప్పుడు ఆయన పీఏ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "సార్, వీడియో కాన్ఫరెన్సుకు టైమైపోయింది. లైనులో ఉన్నారు."

కలెక్టరు గారు తలెత్తలేదు.

"ఉండవయ్యా, ఇంకొంచెం సేపు."

పరిమళ నా వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు. నాకైతే ఈల వెయ్యాలనిపించింది. కలెక్టరాఫీసు అని గుర్తొచ్చి ఆగిపోయాను గానీ, అక్కడ వెయ్యని ఆ ఈల బస్టాండుకొచ్చాక వేశాను.

కలెక్టరు గారు ఒప్పుకున్నారు, జిల్లా అంతటికీ, జూన్ నుంచి. సంతకం పడిన కాగితం పట్టుకుని, పిల్లలకు పాలకోవా కట్టించుకుని బస్సెక్కాం. దారి పొడుగునా పరిమళ అయ్యవారికి ఎలా చెప్పాలో తనలో తనే చెప్పుకుంటూ వచ్చింది.

మేం దిగేసరికి సాయంత్రమైంది. బడి వాకిట్లో గచ్చు నిండా సుద్దగీతలే. పొద్దుటి నుంచి గీసినవి కొయ్యకు ఒకవైపు దగ్గరికి వస్తూ వస్తూ, మళ్ళీ రెండోవైపు దూరంగా పోతున్నాయి. పిల్లలు నీడ కొస చుట్టూ మూగి ఉన్నారు. అయ్యవారు వాళ్ళ మధ్య గొంతుకూర్చున్నారు. గంట కొట్టే కడ్డీ పకీరప్ప చేతిలో ఉంది. వాడు దాన్ని గచ్చు మీద పెట్టి పెట్టి నీడ కొలుస్తున్నాడు.

"పొద్దున నాది గెలిచింది, ఇప్పుడు వీనిది గెలుస్తాంది మేడం!" అని లింగేశ్వరి మాకు ఎదురొచ్చి చెప్పింది. ఓడిపోయినవాళ్ళు ఎవరూ లేకపోవడం ఆ పిల్లకు వింతగా ఉంది.

అప్పుడే ప్రైవేటు బడి వ్యాను వచ్చి మా గేటు ముందు ఆగింది. దిగాల్సిన పిల్ల ఒకతే. కానీ కిటికీలన్నిటి నుంచీ తలకాయలు బయటికొచ్చాయి.

"రేయ్, ఏం చూస్తాండారు మీరు?"

రెండు రోజుల కింద తన పేరు తానే మింగేసిన పకీరప్ప కడ్డీ పైకెత్తి ఊరంతా వినపడేటట్టు అరిచాడు. "నీడ! పెద్దదైతాంది! దిగి రాండి, చూపిస్తా!"

పరిమళ ఆగలేకపోయింది. కాగితం ఊపుతూ పరుగెత్తింది.

"అయ్యోరా, గెలిచినాం! జిల్లా అంతా..."

అయ్యవారు నీడ మీద నుంచి చూపు తిప్పలేదు. చెయ్యి మాత్రం పైకెత్తారు.

"ఉండు పాపా. ఇంకొంచెం సేపు."

పరిమళ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, లింగేశ్వరి జరిగి ఇచ్చిన జాగాలో కూర్చుంది.