ఉప్పునేల ఎవరిది?

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక చట్టం ఉండేది పిల్లలూ. పాతకాలం జంతువులన్నీ కూర్చుని, కొట్లాడుకుని, చివరికి ఒప్పుకుని ఒక పెద్ద బండ మీద చెక్కించుకున్నాయి. పది మాటలు. అంతే.

నాలుగో మాట: "ఉప్పునేల అందరిదీ."

ఏడో మాట: "పున్నమి మర్నాడు పొద్దున అడవిపెద్ద ఈ బండ మీద కూర్చోవాలి. అడిగినవారికి జవాబు చెప్పాకే లేవాలి. చెప్పకుండా లేస్తే పెద్దరికం పోయినట్టే."

అడవిలో ఒక బడి కూడా ఉండేది. ముళ్లపంది సూదమ్మ అక్కడ టీచరు. పిల్లలు రోజూ ఆ పది మాటలూ ఎక్కాల్లాగా రాగం తీసి అప్పజెప్పేవారు. ఒక్కరికీ తప్పు పోయేది కాదు.

ఆ ఏడు అడవిపెద్ద కోరయ్య అనే అడవిపంది. అతను ఉప్పునేల చుట్టూ ముళ్లకంచె వేయించాడు. రేచుకుక్కని కాపలా పెట్టాడు. "ఇది ఇక నా మందకే" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

దుప్పి మచ్చమ్మకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది చుక్కి, బడికి వెళ్తుంది. చిన్నది గవ్వ. వానాకాలపు గడ్డిలో ఉండేదంతా నీళ్లే. ఉప్పుమట్టి నాకకపోతే పిల్లల కాళ్లు నిలబడవు. గవ్వ లేచి నాలుగడుగులు వేసేది, పడిపోయేది.

మచ్చమ్మ కంచె దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఒక్కసారి నా పిల్లని నాకనివ్వు."

"పెద్దాయన్ని అడిగి రా."

"ఆయనెక్కడ?"

"బురదలో పడుకున్నాడు. లేపితే నన్ను చంపుతాడు. పో, పో."

రెండో రోజు దుంపలు తీసుకెళ్లింది. రేచుకుక్క వాటిని కోరయ్య కోసం పక్కన పెట్టుకుని, రెండు నాకులు నాకనిచ్చింది.

మూడో రోజు, "ఇవాళేం తెచ్చావ్?" అంది. మచ్చమ్మ దగ్గర ఏమీ లేదు. గవ్వని ముట్టెతో నెట్టుకుంటూ తిరిగొచ్చింది.

వచ్చేసరికి చుక్కి పాఠం అప్పజెప్పుకుంటోంది. "నాలుగో మాట, ఉప్పునేల అందరిదీ..."

"నోర్ముయ్యవే!" అంది మచ్చమ్మ. తర్వాత కూతురి ముఖం చూసి దాని నుదురు నాకింది.

మర్నాడు బడిలో చుక్కి అడిగింది. "టీచర్, నాలుగో మాట అబద్ధమా?"

సూదమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"అబద్ధం కాదమ్మా. మీచేత చదివించాం, మేం ఎప్పుడూ వాడలేదు. తప్పు నాది. ఇవాళ పున్నమి. రేపు పొద్దున కోరయ్య బండ మీద కూర్చుంటాడు. మీ అమ్మని రమ్మను. మనమూ వెళ్దాం."

ప్రతి నెలా అక్కడ జరిగేది ఇదీ. కోరయ్య బండ మీద కూర్చుని "అడిగేదేమైనా ఉందా?" అంటాడు. అందరూ తలలొంచి "తమరు చల్లగా ఉండాలి దొరా" అంటారు. అతను లేచిపోతాడు. రెప్పపాటు పని.

ఆ రోజూ అలాగే అడిగాడు. అందరూ తలలొంచారు. మచ్చమ్మ వంచలేదు.

"ఉంది దొరా. ఉప్పునేలకి కంచె ఎందుకు?"

కోరయ్య తేరిపార చూశాడు. "నువ్వా మచ్చమ్మా! చిన్నదానికి బాగాలేదటగా? ముందే చెప్పొద్దూ! రోజూ ఒక ముద్ద ఉప్పుమట్టి నీ దగ్గరికే పంపిస్తాను. ఇక వెళ్లు."

గవ్వ పక్కనే గడ్డిలో పడుకుని ఉంది. ఊఁ అంటే చాలు. మచ్చమ్మ నోటిదాకా వచ్చింది ఆ మాట.

వెనక్కి చూసింది. కణుజు జింక ముసలమ్మ మనవడు తూలుతున్నాడు. కొండగొర్రె పిల్లలు తల్లులకి ఆనుకుని నిలబడ్డాయి. ఇవాళ పంపేవాడు రేపు మానేస్తే? అప్పుడు మళ్లీ దుంపలు మోయాలి.

"ముద్ద వద్దు దొరా. కంచె ఎందుకో చెప్పండి."

"దీనికి నోరొచ్చిందిరోయ్!" అని నవ్వి కోరయ్య లేవబోయాడు.

"ఏడో మాట!" అని అరిచింది చుక్కి. బడిపిల్లలంతా అందుకున్నారు. ఈసారి రాగం లేదు. అతని ముఖంలోకి చూస్తూ చెప్పారు. సగం లేచిన కోరయ్య మళ్లీ కూర్చున్నాడు.

"మీరంతా తొక్కి పాడుచేస్తారని వేశాను."

"మీ మంద పొర్లితే పాడవదా నాయనా?" అంది కణుజు ముసలమ్మ. ఆమె కోరయ్య ముందు నోరు తెరవడం అదే మొదలు.

"కాపలా లేకపోతే దొంగలు పడతారు."

"మట్టిని ఎత్తుకుపోయే దొంగెవరయ్యా?" అన్నాడు చెట్టు మీంచి కొండముచ్చు లెంకయ్య. అందరూ పకపకా నవ్వారు.

పొద్దెక్కింది. ఆ బండ మీద ఏ చెట్టు నీడా పడదు. పాతవాళ్లు వెతికి వెతికి అలాంటి బండనే ఎంచుకున్నారు మరి! కోరయ్య కాసేపు ఒక పక్కకి ఒరిగాడు, కాసేపు ఇంకో పక్కకి. రేచుకుక్క చూడలేక ముఖం తిప్పుకుంది.

మధ్యాహ్నానికి బండ పెనంలా కాలింది.

"అబ్బబ్బా! నా దగ్గర జవాబు లేదు!"

"జవాబు లేనప్పుడు కంచె కూడా ఉండకూడదు కదండీ" అంది సూదమ్మ నెమ్మదిగా.

"తీసేయండి, తీసేయండి! అదే నా జవాబు!" అని కోరయ్య ఒక్క పరుగున బురదలో దూకాడు.

సాయంత్రానికి కంచె లేదు. అందరి పిల్లలూ ఉప్పుమట్టి నాకారు. గవ్వ ఆ రోజే నిలబడలేదు. మచ్చమ్మ రోజూ తీసుకెళ్లింది. ఆరో రోజున గవ్వ తనంతట తానే లేచి, ఉప్పునేలకి నడిచి వెళ్లింది. దారిలో ఎవరినీ బతిమాలలేదు.

నీతి: హక్కుని ఎవరి దయగానో పుచ్చుకోకండి పిల్లలూ. అందరి కోసం అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి.