నీలవేణి చదివిన వాక్యం

అచ్యుతాచారి మాస్టారు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. అడిగినవాళ్ళను ఏదో ఒక పనికి పంపేవారు. వేగావతి ఏటి ఒడ్డున ఉన్న ఆయన బడికి పంతులు పని నేర్చుకోవడానికి వచ్చి వారమైన పైడిరాజుకు ఈ సంగతి అప్పటికే తెలిసింది. అయినా ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు.

"మాస్టారూ, లెక్కలకి పీరియడుంది, తెలుగుకుంది, ఆఖరికి ఆటలకీ ఉంది. ఎదుటి మనిషితో ఎలా మెలగాలో చెప్పడానికి మాత్రం ఎక్కడా లేదు. అదెప్పుడు చెప్పాలండీ?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "రేపు నాలుగో తరగతి నువ్వు తీసుకో నాయనా. వాచకం చదివించు, చాలు," అన్నారు.

మర్నాడు భోజనాల ముందు పీరియడు. పిల్లలు వరసగా తలా ఒక వాక్యం చదువుతున్నారు. అది బడి భోజనంలో గుడ్డు పెట్టే రోజు; వంటగది నుంచి కూర వాసన గదిలోకి వస్తోంది. వంతు నీలవేణి అనే బక్కపలచని పిల్లకు వచ్చింది. ఆ పిల్ల లేచి నిలబడి, పుస్తకం గుండెల దాకా ఎత్తి, "కొ..." అని ఆగింది. "కొ... కొ... కొ..."

ఆ పిల్లకు నత్తి అని పైడిరాజుకు ఎవరూ చెప్పలేదు. 'కొంగలు' అన్న మాట అది. కోడి అరుపులా ఉన్న ఆ శబ్దానికి గదంతా గొల్లుమంటుందని భయపడ్డాడు. తను చదివిన తరగతి అయితే గొల్లుమనేదే. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. జాలిగా చూసినవాళ్ళూ లేరు. ఆమె మెడ మీద నరం బిగుసుకుంటుంటే చూడలేక, మాట అందిద్దామని అతను నోరు తెరిచాడు. ముందు వరసలో ఒక పిల్ల తలెత్తి అతని వంక చూసింది. అంతే. తెరిచిన నోరు దానంతటదే మూతపడింది.

అంతలో భోజనాల గంట మోగింది. పక్క తరగతుల పిల్లలు కంచాల చప్పుడు చేసుకుంటూ పరుగెత్తారు. ఈ గదిలో ముప్పైమంది ఉన్నారు. ఆకలితో ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

"కొంగలు... ఎంత దూరం పోయినా... తిరిగి వ... వ... వస్తాయి."

నీలవేణి కూర్చుంది. అప్పుడు లేచారు అందరూ, తోసుకుంటూ, అరుచుకుంటూ, ఆమెను కూడా కలిపి తోసుకుంటూ బయటికి పరుగెత్తారు. ఖాళీ గదిలో పైడిరాజుకు ఒళ్ళు గగుర్పొడిచింది. గుళ్ళో కూడా అతనికి ఎన్నడూ అలా అనిపించలేదు.

నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

"ఏం చెప్పి నేర్పారండీ వాళ్ళకి?"

మాస్టారు నేల చూస్తూ అన్నారు.

"ఆ పిల్ల చేరిన కొత్తలో, ఆగినచోటల్లా మాట నేనే అందించేవాణ్ణి నాయనా. మేలు చేస్తున్నాననుకునేవాణ్ణి. ఒకనాడు పక్కన కూర్చునే పిల్ల లేచి, 'అది దాని మాట మాస్టారూ, దాన్నే అననీండి' అంది. అప్పట్నించీ నేను ఆ తరగతిలోనే చదువుకుంటున్నాను."