సగం సున్నుండ

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా చేతి నెయ్యి ఈ క్షణమే కమురు కంపు కొట్టాలి. ఆవగింజంత విషయాన్ని గుమ్మడికాయంత చేసి చెప్పడం నాకు పుట్టుకతోనే చేతకాదు. అందుకే నేను నోరు విప్పితే మా వీధిలో కుక్కలు కూడా పోట్లాట ఆపి కూర్చుంటాయి.

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఓ మేడ. మేడ మీద రేకుల షెడ్డులో నా మెస్సు. కింది అంతస్తులో కంప్యూటర్ల కంపెనీ. ఓ బస్సుల యజమాని కోసం వాళ్ళు టికెట్లమ్మే సాఫ్ట్‌వేర్ రాశారు.

దానికి టీం లీడరు హరనాథ్. పదకొండు మంది మీద పెద్ద. కీబోర్డు కొట్టాడంటే కింద రోడ్డు మీద ఆటోలు బ్రేకులు వేసేవి. తెలివైనవాడే, కాదనను. తన పేరు మీద ఆరేళ్ళుగా ఒక్క తప్పు కూడా లేదని అతనే చెప్పేవాడు, రోజుకి ఓ యాభై సార్లు.

అతనికి పని నేర్పిన గురువు జలీల్ మాస్టారు. ఆయనకి ఎనభై దాటాయో, రెండొందలు దాటాయో ఎవరికీ తెలీదు. కంప్యూటరు కళ్యాణమండపమంత ఉండి, నలుగురు నిలబడి దానికి విసనకర్రలతో విసిరే రోజుల్నించీ ప్రోగ్రాములు రాస్తున్నారు. వారానికి మూడు రోజులొచ్చి, ఓ మూల కూర్చుని, అడిగినవాళ్ళకి చెప్పి, నా దగ్గర భోంచేసి వెళ్ళేవారు.

ఓ సోమవారం ఆయన చారన్నం కలుపుకుంటుంటే హరనాథ్ మెట్లెక్కి వచ్చాడు. మొహం రెండు రోజులు నానిన మినుములా ఉంది.

“మాస్టారూ, ఒకే సీటు ఇద్దరికి అమ్ముడైపోతోంది.”

ఇద్దరికని అతనన్నాడు. నేను విన్నది నలభై మందికి. తుని వెళ్ళే బస్సులో ఒక్క కిటికీ సీటు కోసం ఓ పెళ్ళివారూ, ఓ కబడ్డీ జట్టూ తలపడ్డారట. పెళ్ళికొడుకుని అవతలివాళ్ళు పట్టుకుని, ముహూర్తం దాటేదాకా గీత దాటనివ్వలేదట.

“శుక్రవారం లోపల బాగు చెయ్యకపోతే దసరా టికెట్ల పని ఇంకెవరికో ఇచ్చేస్తానంటున్నాడు యజమాని. అది పోతే నా టీం మొత్తం ఇంటికే,” అన్నాడు హరనాథ్.

“తప్పెక్కడుంది?”

“అదే తెలీదు మాస్టారూ. ఎవర్నడిగినా ‘నా దగ్గర అంతా బాగానే ఉంది సార్’ అంటారు. పదకొండు చోట్లా బాగుంటే బస్సులో ఎందుకు కొట్టుకుంటున్నారు? వీళ్ళ చేత నిజం చెప్పించడం ఎలాగో మీరే చెప్పాలి.”

మాస్టారు చారన్నం ముగించారు. మజ్జిగన్నం ముగించారు. చెయ్యి కడుక్కున్నారు.

“దాలమ్మా, సున్నుండలున్నాయా?” అన్నారు.

ఉన్నాయా అంటే? నా సున్నుండ విరిస్తే పొడి రాలదు. కొరికితే వారం దాకా ఆకలెయ్యదు. పెద్ద స్టీలు డబ్బా తీసి ఇచ్చాను. రెండో చేత్తో టీ కెటిల్ పట్టుకుని నేనూ వెనకే దిగాను. ఎవరో ఒకరు చూడాలి కదా.

మాస్టారు టీం మొత్తాన్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, డబ్బా మధ్యలో పెట్టి, మూత తీశారు. ఆ నెయ్యి వాసనకి సింహాచలం కొండ మీదున్నవాళ్ళు కూడా అటూ ఇటూ చూసుంటారు.

“తను చేసిన తప్పొకటి చెప్పినవాళ్ళకి ఒక సున్నుండ,” అన్నారు.

ఒక్కరూ కదల్లేదు. అందరూ హరనాథ్ మొహం చూస్తున్నారు. హరనాథ్ అందరి మొహాలూ చూస్తున్నాడు.

“సరే, ముందు నాది,” అన్నారు మాస్టారు. “కుర్రాడిగా ఉన్నప్పుడు ఓ ఊరి ఆసుపత్రికి ప్రోగ్రాం రాశాను. మగవాళ్ళ వార్డులో అందరికీ కాన్పు తేదీలు వేసి పంపాను. అందులో ఒక పెద్దాయన చాలా నెమ్మదస్తుడు. డాక్టరు రాశాడంటే కారణం ఉంటుందనుకుని పుట్టింటికెళ్ళాడు.”

ఆయన సున్నుండ తీసుకుని, ఎవరికీ పెట్టకుండా, కళ్ళు మూసుకుని తిన్నారు. “ఇవాళ్టికి చాలు,” అని లేచారు.

“ఒక రోజు దండగ,” అన్నాడు హరనాథ్, నాకు మాత్రమే వినబడేలా.

మంగళవారం సన్యాసిరావు తట్టుకోలేకపోయాడు. అతని పని రోజూ టికెట్ల వివరాలన్నిటికీ నకలు తీసి దాచడం. మనిషి మంచివాడు, కాస్త భోజనప్రియుడు. నా మెస్సులో అతను కూర్చుంటే రెండో పంక్తి ఉండదు.

“నేను మూడు నెలలుగా తీస్తున్న నకలు ఖాళీ ఫైలండి,” అన్నాడు తలొంచుకుని. “దాచే చోటు నిండిపోయింది. చెబితే తిడతారని చెప్పలేదు.”

హరనాథ్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి రాబోయేది నాకు తెలుసు. అందుకే కిటికీ పక్కకి జరిగాను.

మాట బయటికి రాకముందే మాస్టారు అతని చేతిలో టీ గ్లాసు పెట్టారు. “తాగు.”

గురువు తాగమన్నారు, తాగాడు. అతను గ్లాసు దించేసరికి సన్యాసిరావు సున్నుండ నములుతున్నాడు. అతని తల మెడ మీదే ఉంది. అది అందరూ చూశారు.

ఇంక చూడు. పరీక్షించానని రాసి పరీక్షించనివాడొకడు. పక్కవాడి కోడ్ చదవకుండానే బాగుందని ఒప్పుకున్నవాడొకడు. ఆ పూట మ్యాచ్ ఉందట. ఒక్కొక్కరూ చెప్పడం, హరనాథ్ నోరు తెరవడం, మాస్టారు గ్లాసు అందించడం. నా కెటిల్ ఏడుసార్లు ఖాళీ అయింది. ఆ రోజు హరనాథ్ బాత్రూంకి తిరిగిన దూరం కొలిస్తే అనకాపల్లి దాటుతుంది.

మాస్టారు గోడ బోర్డు మీద ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న భాగాలన్నిటికీ గళ్ళు గీశారు. ఎవరు ఏ తప్పు చెబితే ఆ గడిలో ఓ చుక్క. చెప్పినవాళ్ళు చెప్పినట్టు దిద్దుకుంటూ పోయారు. బుధవారం మధ్యాహ్నానికి బోర్డుకి మశూచి వచ్చినట్టుంది. సీటు మాత్రం ఇంకా ఇద్దరికి అమ్ముడవుతూనే ఉంది.

ఒక్క గడి మిగిలింది, చుక్క లేకుండా.

“ఇది భలే శుభ్రంగా ఉందే,” అన్నారు మాస్టారు.

“అది టికెట్ కొంటున్నవాళ్ళ కోసం సీటు పట్టి ఉంచే భాగం. నేను రాసింది,” అన్నాడు హరనాథ్. “అందులో ఏముంటుంది?”

మాస్టారు ఈసారి టీ ఇవ్వలేదు. డబ్బా వైపు చూస్తూ కూర్చున్నారు. అడుగున ఒక్క సున్నుండ ఉంది.

చివరి కుర్చీలోంచి హిమబిందు లేచింది. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయిన పిల్ల. ఎంత సన్నగా ఉంటుందంటే, ఫ్యాను మూడు మీద పెడితే బల్ల పట్టుకునేది.

“నాదొక తప్పుంది మాస్టారూ. సీటెందుకు ఇద్దరికి పోతోందో నాకు రెండు నెలల నుంచీ తెలుసు. చెప్పలేదు.”

గదిలో గోడగడియారం కూడా ఆగింది. దాంట్లో బ్యాటరీ ఎప్పుడో అయిపోయిందంటారు కొందరు. నేను ఒప్పుకోను.

“చెప్పమ్మా,” అన్నారు మాస్టారు.

“బస్టాండులో కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారు కదండీ. మన ప్రోగ్రాం ముందు సీటు ఖాళీయా అని చూస్తుంది, తర్వాత రుమాలు వేస్తుంది. ఆ రెంటికీ మధ్య రెప్పపాటు సందుంది. ఆ సందులో ఇంకొకరు చూస్తే వాళ్ళకీ ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరి రుమాళ్ళూ పడిపోతాయి. చూడ్డం, వెయ్యడం ఒక్క దెబ్బలో జరగాలి.”

హరనాథ్ లేచాడు. తన బల్ల దగ్గరికెళ్ళి ఆ ఫైలు తెరిచాడు. పైనే, అందరికీ కనబడేలా, తను రాసిపెట్టుకున్న వాక్యం ఉంది: ‘పని చేస్తోంది. ఎవరూ ముట్టుకోవద్దు. — హరనాథ్.’

దాని కింద ఉన్నదంతా చదివాడు. మళ్ళీ చదివాడు. అతని చెవులు ఎంత ఎర్రబడ్డాయంటే వాటి మీద నేను అట్లు పోసేదాన్ని.

తిరిగొచ్చి నిలబడ్డాడు. “తప్పు నాదే మాస్టారూ. ఆ సందు వదిలింది నేనే.”

మాస్టారు సున్నుండ తీశారు. రెండుగా విరిచారు. పొడి రాలలేదు, అది గుర్తుపెట్టుకో. ఓ సగం హరనాథ్ చేతిలో పెట్టారు, ఓ సగం డబ్బాలో వేశారు.

“అందరికీ ఒకటిచ్చారు,” అన్నాడు హరనాథ్. అంత పెద్ద లీడరు, గొంతు చూస్తే ఒకటో తరగతి.

“వాళ్ళు తప్పు మొత్తం చెప్పారు.”

హరనాథ్ చేతిలో సగాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపంటే, ఆ లోపల నేను పది కిలోల మినప్పప్పు వేయించి విసిరేదాన్ని. తర్వాత చివరి కుర్చీ వైపు తిరిగాడు.

“హిమబిందూ, నువ్వు ఆ రోజు నా దగ్గరికొచ్చావు కదూ.”

“వచ్చాను సార్.”

“నేనేమన్నాను?”

ఆ పిల్ల మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు.

“తలెత్తలేదు సార్. ‘పైన రాసింది చదవడం రాదా’ అన్నారు.”

ఎవరూ నవ్వలేదు. నాకు కొంచెం వచ్చింది గానీ మింగేశాను.

మాస్టారు డబ్బా అతని వైపు జరిపారు. హరనాథ్ మిగతా సగం తీసుకున్నాడు, కానీ తినలేదు. తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. తన కుర్చీ వెనక్కి లాగి, “కూర్చో. నువ్వే దిద్దు,” అన్నాడు.

హిమబిందు కూర్చుంది. మొదట పైనున్న వాక్యం చెరిపేసింది. తర్వాత మెల్లగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు కొట్టసాగింది. మధ్యలో ఓ చోట ఆగింది. వెనక నిలబడ్డ హరనాథ్‌కి అక్కడ ఏం రాయాలో తెలుసు. పెదవుల దాకా వచ్చేసింది. నోరు తెరిచాడు.

బల్ల మీద టీ గ్లాసుంది. తనే అందుకున్నాడు.

అది ఖాళీ గ్లాసు. అయినా తాగాడు.

ఇంకేం, ఆ దసరాకి ఒక్కో సీటులో ఒక్కో మనిషే కూర్చున్నాడు. అలవాటు తప్పి, కొందరికి ఒళ్ళో ఎవరూ లేక నిద్ర పట్టలేదట.

సరే, నువ్వు లే. నిన్ను కూడా నిన్న లీడరుని చేశారని చెప్పి ఈ కథ అడిగావు. వింటూ వింటూ డబ్బాలోంచి నాలుగు సున్నుండలు తిన్నావు, ఒక్క తప్పూ చెప్పలేదు. నేను చూడలేదనుకున్నావు. పూర్ణా మార్కెట్టుకెళ్ళి ఐదు కిలోల పొట్టు మినప్పప్పు పట్టుకురా. సోమవారం హరనాథ్ దగ్గర కొత్తవాళ్ళు చేరుతున్నారట, రెండు డబ్బాలు పంపమన్నాడు. దారిలో ఆలోచించుకో, వచ్చాక ఆ నాలుగూ వింటాను.